అత్త గుచ్చాల్సిన పువ్వు

మగపెళ్ళివారు ఎట్టకేలకు వచ్చారు. భోజనాల వేళకి దిగాల్సినవాళ్ళు ఎండ అరటితోట మీదికి వాలిపోయాక దిగారు, వ్యాను బురదలో దిగబడిందట, నిజమో కాదో గానీ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, పెళ్ళికి ముందు పిల్ల ఇంట్లో జరిగే పరిచయం వేడుకకి వేళకి వచ్చిన మగపెళ్ళివారిని క్యోటెరా ఊరి చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరు. లోపలి గదిలో చాప మీద కాళ్ళు ఒక పక్కకి ముడుచుకుని కూర్చున్న నసోలోకి మైకు గరగర, కుర్చీలు జరిపే చప్పుడు, టెంటు కింద ఆడవాళ్ళ కేరింతలు అన్నీ గోడలోంచి వినబడుతున్నాయి, మోకాళ్ళు మాత్రం ఎప్పుడో మొద్దుబారాయి. ఒళ్ళో చిన్న పళ్ళెం, పళ్ళెంలో తెల్ల రిబ్బను కట్టిన ఎర్ర గుడ్డపువ్వు, దానికో పిన్ను. ఇంకాసేపట్లో పిలుస్తారు. ఈ పళ్ళెం పట్టుకుని అవతలి టెంటులోకి వెళ్ళి, పొడుగాటి తెల్ల అంగీల మీద కోట్లు తొడుక్కుని అందరూ ఒకేలా కూర్చున్న ఆ మగవాళ్ళ మధ్య దాక్కున్న పెళ్ళికొడుకుని వెతికి పట్టుకుని, నలుగురూ చూస్తుండగా ఈ పువ్వు అతని కోటుకి గుచ్చాలి. అది మేనత్త చేయాల్సిన పని, తల్లీ తండ్రీ చేసేది కాదు. పువ్వు గుచ్చిందంటే మేనత్త పూచీ పడినట్టే, ఇతని సంగతి మాకు తెలుసు, మా పిల్ల సంగతి ఇతనికి తెలుసు, రేపు ఏ తేడా వచ్చినా వచ్చి నన్నడగండి అని. నసోలోకి తెలియనిది ఒకటే ఉంది. మేనకోడలు జవెద్దె ఇతనికి చెప్పిందో లేదో.

పుట్టుకతోనే పిల్ల ఒంట్లోకి వచ్చిన వైరస్ సంగతి, రోజూ సాయంత్రం వేసుకునే మాత్ర సంగతి. వానలు మొదలైనప్పుడు అడిగితే "చెప్తాలే అత్తా" అంది. వానలు తగ్గాక అడిగితే "చెప్తానన్నాగా" అంది. నిన్న ఆనవాయితీ ప్రకారం మేనత్త పిల్లని కూర్చోబెట్టుకుని కాపురం సంగతులు చెప్పే వేళ, చెప్పినవన్నీ కిసుక్కున నవ్వుతూ విన్న పిల్ల ఆ ఒక్క మాట ఎత్తేసరికి జడలల్లే అమ్మాయి వచ్చిందంటూ లేచిపోయింది. ఈ పొద్దున మళ్ళీ పట్టుకుంది తను, పెరట్లో, అరటాకుల్లో మూటకట్టిన అరటికాయ ముద్ద ఆవిరికి ఉడుకుతున్న పెద్ద గుండిగల పక్కన, పొగకి ఇద్దరి కళ్ళూ నీళ్ళు కారుతుండగా.

"కియాగాకి చెప్పావా?"

"ఎవరడుగుతున్నారు? ఆఫీసా, అత్తా?"

ఎవరడుగుతున్నారు నిజంగా? ఇన్నేళ్ళుగా ఈ జబ్బు గురించి ఊరూరా చెప్పే ఆఫీసు పనీ, అత్త పనీ రెండూ కలిసిపోయి, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తనకే తెలియకుండా పోయింది. తను నోరు తెరిచేలోపు పిల్ల గిన్నె మూత తీసి చూసి, ముద్ద ఇంకా ఉడకలేదని వంటవాళ్ళ మీద కేకలేస్తూ వెళ్ళిపోయింది. ఆ పొగలో నిలబడ్డ నసోలోకి అప్పటి నుంచీ ఒకటే అలుపు, ఇది రాత్రి సరిగా పడుకోని అలుపు కాదు, దీని వయసు చాలా ఎక్కువ.

బయట తమవైపు మాటకారి కలాంజి మైకు అందుకున్నాడు. అతని గొంతు వింటేనే టెంటు సగం నవ్వుతుంది.

"ఎవరయ్యా మీరంతా? దారి తప్పి వచ్చారా, లేక వంటల వాసన పట్టి వచ్చారా?"

"అయ్యా, మేం మిడతల వంశం వాళ్ళం. మీ ఇంట్లో దీపమొకటి వెలుగుతోందని తెలిసి ఎగిరొచ్చాం."

"మిడతలా? భలే. రెక్కలు పీకి, ఉల్లిపాయలు వేసి వేయించుకు తింటాం మరి, ఆలోచించుకునే వాలారా?"

ఈ సరసాలు నసోలోకి కంఠతా వచ్చు. అడిగేవాడికి జవాబు తెలుసు, చెప్పేవాడికి ప్రశ్న తెలుసు, అయినా ప్రతిసారీ అంతా కొత్తగా విన్నట్టే నవ్వుతారు. తనూ బతుకంతా అదే చేసింది కదా, తెలిసిన ప్రశ్నలకి తెలిసిన జవాబులు. పాతికేళ్ళు నిండని రోజుల్లో కుర్రకారు క్లబ్బులో చేరినప్పుడు వీధి నాటకంలో తనకి దొరికింది ఒకటే వేషం, చివర్లో చాప మీద చచ్చిపోయే పిల్ల. సన్నగా ఉండేది, అందుకని. బడి మైదానంలో, సంత మధ్యలో, చర్చి ముందర ఎన్ని చోట్ల చచ్చిపోయిందో, ఒకసారి ఎవరిదో మేక వచ్చి కప్పిన దుప్పటి నమలడం మొదలెడితే శవం చెయ్యి చాపి దాన్ని ఒక్కటేసింది, పిల్లలు పడీపడీ నవ్వారు, ఆ ఊళ్ళో మాత్రం తనను ఇప్పటికీ మేకను కొట్టిన శవమనే పిలుస్తారు. అప్పుడు క్లబ్బు నడిపే సంస్థకి డబ్బులిచ్చేవాళ్ళు ఆగండి, పెళ్ళిదాకా ఆగండి, అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు, ఆ మాటే చొక్కాల మీద అచ్చు వేసి పంచారు. తరువాత వచ్చినవాళ్ళు ఒకరితోనే ఉండండన్నారు, చొక్కాలు మారాయి. ఆ తరువాత తొడుగులు వాడండన్నారు, తొడిగి చూపించడానికి కొయ్యబొమ్మ ఒకటి సంచిలో పెట్టి పంపారు, బస్సులో ఆ సంచి జారి పడి బొమ్మ దొర్లుకుంటూ డ్రైవరు కాళ్ళ దాకా పోయిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ తరువాత మగపిల్లలకి సున్తీ అన్నారు, ఆ తరువాత పరీక్ష చేయించుకోండన్నారు, ఇప్పుడు మాత్ర వేళ తప్పకుండా వేసుకుంటే ఎవరికీ అంటదు అంటున్నారు, ఇదొక్కటి చెప్పేటప్పుడు మాత్రం నసోలో గొంతు నిజంగా లేస్తుంది, ఎందుకంటే ఇది తన ఇంట్లో చూసింది. ఆ చొక్కాలన్నీ మసిగుడ్డలయ్యాయి. యువత యువత అంటూ తిరిగిన తను ఎప్పుడు యువతలోంచి జారిపోయిందో ఎవరూ చెప్పలేదు, ఒకరోజు శిక్షణకి వెళితే గుమ్మంలో ఉన్న పిల్ల, అమ్మా, తల్లిదండ్రుల సమావేశం రేపండీ అంది.

బళ్ళకి వెళ్ళినప్పుడు తలుపు పక్కన చీటీల పెట్టె పెట్టేవారు, పేరు రాయక్కర్లేదు, ఏదైనా అడగొచ్చు. దోమ కుడితే వస్తుందా, ఒక్కసారికి కూడా వస్తుందా, అయిపోగానే నిమ్మరసంతో కడుక్కుంటే పోతుందా. ఏటా అవే. పిల్లలు మారతారు, ప్రశ్నలు మారవు, పోయినేడు అంత ఓపికగా చెప్పి కూర్చోబెట్టిన పిల్లలు పై తరగతికి పోతే వాళ్ళ బెంచీల్లో మళ్ళీ అదే వయసు వాళ్ళు, అదే నవ్వు, అదే నిమ్మరసం. పద్నాలుగేళ్ళ వయసు ఈ జిల్లాలో ఎప్పటికీ అయిపోదు. నాటుకున్న చేను కోతకొస్తే రైతు ఓ నెల నడుం వాలుస్తాడు, తన చేను ఏనాడూ కోతకి రాలేదు. వాళ్ళంతా తనను అత్తా అనే పిలిచేవారు. ఆ మాటలు పిల్లలతో మాట్లాడేది మేనత్తే కాబట్టి, తల్లి మాట్లాడితే తప్పు, తండ్రి మాట్లాడితే ఇంకా తప్పు, సొంత మేనత్తలు పట్నాలకి పోయారు, కొందరు ఆ జబ్బుతోనే పోయారు, అందుకని ఊరందరికీ నసోలో అత్త అయి కూర్చుంది. ఊరందరికీ అయింది, అంతే.

తలుపు తోసుకుని అవ్వ నలుమాన్సి వచ్చింది, చేతికర్ర ముందు, తను వెనక. వంశంలో మిగిలినవాళ్ళలో అందరికన్నా పెద్దది, నసోలో తండ్రికి పిన్ని. చాప అంచున కూలబడి, పళ్ళెంలోని పువ్వుని వేలితో ఒకసారి తట్టింది.

"ఇంకోసారి చెప్తున్నా, వింటే విను లేకపోతే లేదు. ఆ పళ్ళెం మీ చిన్నాన్న కూతురికిచ్చెయ్."

"అయిపోయిన మాట మళ్ళీ ఎందుకవ్వా?"

"అయిపోలేదే. పిల్లకి పాలు కలిపి పోసిందెవరు? చీమిడి తీసిందెవరు? నువ్వు తల్లివే. తల్లి అల్లుణ్ణి తాకితే చేతులొణుకుతాయి, చచ్చేదాకా ఆగవు. మా అక్క కూతురికి చూళ్ళేదా, కప్పు పట్టుకుంటే టీ ఒలికిపోయేది."

"నేను మేనత్తనవ్వా. పుట్టుకతో మేనత్తని."

"పుట్టుకకేముందే," అని, అవ్వ నడుం పట్టుకుని లేచి, వంటల వైపు వెళ్ళిపోయింది.

ఈ రగడ పోయిన వారం వంశమంతా కూర్చుని తేల్చిందే. పెంచింది గనక తల్లి కింద లెక్క అని సగంమంది, అన్న కూతురు అన్న కూతురేనని సగంమంది, చివరికి కలాంజి లేచి, ఉన్న ఒక్క సొంత మేనత్తనీ తల్లిని చేస్తే పిల్లకి మేనత్త లేకుండా పోతుంది, తల్లిని చేయకపోతే తల్లి లేకుండా పోతుంది, ఏదో ఒకటి తగ్గక తప్పదు, ఈ రోజుకి అత్తనే ఉంచుకుందాం అన్నాడు. అందరూ తలూపారు. ఇంటికొచ్చాక నసోలో స్నానాల గదిలో కాసేపు ఏడ్చింది.

అన్న లుబేగా ఉంటే ఈ రోజు బయట తెల్ల అంగీలో కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. సరస్సు ఒడ్డున చేపల వ్యాపారం, జేబు నిండా డబ్బు, నోటి నిండా నవ్వు, ఆ రేవుల్లో అప్పుడు అందరూ అలాగే ఉండేవారు, అలాగే పోయారు. వదిన ముందు పోయింది. అన్న పోతూ పిల్లని చెల్లెలి ఒళ్ళో పెట్టలేదు, అలాంటివి నాటకాల్లోనే జరుగుతాయి, అతనికి చివర్లో ఎవరూ గుర్తులేరు, పిల్ల తనంతట తనే వచ్చి నసోలో పక్కలో పడుకుంది. నెలలో సగం రోజులు జ్వరం, చెవిలో చీము, నోట్లో పూత, బతకదనుకున్నారంతా, నసోలో కూడా అనుకుంది, పాతిపెట్టేటప్పుడు తొడగడానికి ఒక తెల్ల గౌను కొని పెట్టి కూడా ఉంచింది. అప్పుడు మందులు వచ్చాయి. ఊరికే, డబ్బు లేకుండా. ఆ గౌను పిల్ల తరువాత మూడో తరగతి పండక్కి వేసుకుంది, పొట్టిదయ్యిందని పోరు పెట్టింది.

మాత్ర ఎందుకు అని పిల్ల అడిగిన రోజు ఛాతీకి అంది నసోలో. నీ ఛాతీ వీకు, అందుకు. చిన్నపిల్ల కదా, ఇంకాస్త పెద్దదవనీ అనుకుంది. పదేళ్ళు దాటాక చెప్పాలని ఆఫీసులో తనే తల్లులకి చెప్పేది, మీరు చెప్పకపోతే పిల్లలు బయట ఎవరి దగ్గరో వింటారు, అది ఇంకా కష్టం అని. ఇంటికొచ్చి అన్నం పెడుతూ, ఛాతీ మాత్ర వేసుకున్నావా అనేది. మేనత్తగా చెప్పాలంటే తల్లినన్న భావం నోరు నొక్కేది, తల్లిగా దగ్గరికి తీసుకుందామంటే మేనత్త పని మిగిలిపోయేది, ఇలా ఈ చేతి పని ఆ చేతికి నెట్టుకుంటూ ఉండగానే పిల్ల ఆ చుట్టుపక్కల అందరికన్నా మంచి హాస్టలు బళ్ళో చేరింది, ఆ బడికి ఆ ఏడు సంస్థ తరఫున వెళ్ళింది నసోలోనే. పెద్ద పెద్ద బొమ్మల అట్టలు ఒక్కొక్కటే తిప్పుతూ చెప్పాలి. తిప్పింది. వైరస్ బొమ్మ, రక్తం బొమ్మ, పాలిచ్చే తల్లి బొమ్మ. ఆ తరువాతి అట్ట మీద మాత్రల డబ్బా, నీలం మూత, పక్కన ఒక మాత్ర, పొడుగ్గా, గులాబిరంగు, దాని మీద చెక్కిన అంకెతో సహా. అట్ట తిప్పాక గానీ అది ఇంట్లో ఇచ్చే ఛాతీ మాత్రేనని నసోలోకి తట్టలేదు. మూడో వరసలో జవెద్దె ఆ బొమ్మని చూస్తోంది. పిల్లలంతా నవ్వుతున్నారు, ఎవడో ఏదో జోకేశాడు, జవెద్దె కూడా ఒక క్షణం నవ్వు ముఖం పెట్టుకునే ఉంది, తరువాత బొమ్మ మీంచి చూపు తీసి అత్త ముఖం మీద పెట్టింది. నోట్లో మాట ఆపే వీలు లేదు, గడియారం చూసుకుంటూ హెడ్మాస్టరు కూర్చున్నాడు, నసోలో చివరి అట్టదాకా చెప్పింది, ఏవైనా ప్రశ్నలున్నాయా అని కూడా అడిగింది.

పిల్ల ఏడవలేదు, అరవలేదు. సెలవులకి ఇంటికొచ్చాక అంగడి నుంచి దూది కొనుక్కురమ్మంది. ఎందుకే అంటే, హాస్టల్లో పెట్టె కదిలితే డబ్బాలో మాత్రలు గలగలమంటాయి, పక్క మంచం పిల్ల నీ పెట్టెలో ఏం మోగుతోందంటుంది, దూది కూరితే మోగవు. అంతే చెప్పి, డబ్బా విప్పి, చిన్న చిన్న ఉండలు చేసి మాత్రల మధ్య ఒద్దికగా కూరింది, చివర ఒక పెద్ద ఉండ పైన పెట్టి మూత బిగించి, చెవి దగ్గర ఊపి చూసి, అత్త చెవి దగ్గర కూడా ఊపింది. మోగలేదు. ఛాతీ ఇప్పుడు బాగుంది అత్తా, అంది. ఆ ఒక్క మాట తప్ప ఆ సంగతి మీద ఆ పిల్ల ఏనాడూ దెప్పలేదు. దెప్పినా బాగుండేది.

"ఊపిరి తీసుకోవే తల్లీ, హుక్కు పడట్లేదు," అంటోంది పక్క గదిలో ఎవరో, స్నేహితురాళ్ళు కాబోలు, వెంటనే గలగల నవ్వులు. రెండో జత బట్టలు మారుస్తున్నారు పెళ్ళికూతురికి. పిల్ల గొంతు వినబడుతోంది, హాయిగా, ఏ బరువూ లేనట్టు. చెప్పినవాళ్ళ గొంతు అలా ఉంటుందా, చెప్పకూడదని తీర్మానించుకున్నవాళ్ళ గొంతు అలా ఉంటుందా, రెండూ ఒకేలా ఉంటాయని నసోలోకి ఎంతమందిని చూసి తెలుసో. క్లబ్బులో పెరిగిన పిల్ల ఒకతి ఉండేది, మంచి పాటగత్తె, కాపురానికి వెళ్ళిన మూడో నెల మొగుడు బీరువా వెనక డబ్బా చూశాడు. ఆ అబ్బాయికి అంటలేదు, పరీక్షలో ఏమీ లేదు, మాత్ర వేళకి వేసుకుంటే అంటదని నసోలో వాళ్ళ గుమ్మంలో నిలబడి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది, అతను, అంటిందా లేదా అని కాదమ్మా, నాకు చెప్పలేదు, నన్ను మొద్దుని చేసి ఆడించింది అన్నాడు. ఆ పిల్ల పరుపుతో సహా రోడ్డు మీద కూర్చుంది. అందరూ చూస్తుండగా. ఇక్కడైతే చర్చి పెళ్ళికి ముందు పాస్టరు ఇద్దరినీ రక్తపరీక్షకి పంపుతాడు, దాచిపెట్టడానికి ఎటూ వీల్లేదు, ఇవాళ ఈ కోళ్ళూ బుట్టలూ పంచదార సంచులూ పుచ్చుకుని, రెండు వంశాలూ కలిసి భోంచేసి, ఆ తరువాత అతనికి అక్కడ, ఆసుపత్రి బల్ల మీద తెలిస్తే? మీ మేనత్త పూచీ పడింది కదా అంటారు. అనేది తనను అయితే పడేది, పాతిక మాటలు పడ్డ ప్రాణానికి ఇరవయ్యారోది ఎక్కువ కాదు. పిల్ల కూర్చోవాలి రోడ్డు మీద.

పోనీ తనే అతన్ని పక్కకి పిలిచి అడిగితే? ఏమని? బాబూ, మా పిల్ల నీకేమైనా చెప్పిందా అని? అడగటమే చెప్పటం. ఒకరి సంగతి ఇంకొకరు బయట పెట్టకూడదు, తల్లయినా, మొగుడైనా, డాక్టరైనా, చెప్పే హక్కు అది ఒంట్లో పెట్టుకున్నవాళ్ళ ఒక్కళ్ళదే, ఈ మాట ఎన్ని వందల మంది పిల్లలతో చేతులెత్తించి చెప్పించిందో, అందులో మూడో వరసలో జవెద్దె కూడా చెయ్యెత్తింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, చించుకోకపోతే లోపల కుళ్ళుతుంది. కియాగా మంచివాడే. మోటారు మెకానిక్కు, గోళ్ళ కింద నల్లగా నూనె, మాట తక్కువ, భోజనానికి పిలిస్తే పళ్ళెం తనే కడుక్కున్నాడు. పాటగత్తె మొగుడు కూడా మంచివాడే.

తెర కదిలింది. జవెద్దె గుమ్మంలో నిలబడింది, బంగారు రంగు బట్ట, దానికి భుజాల మీద మొనదేరిన చేతులు, నడుముకి పెద్ద పట్టీ, నుదుటి మీద చెమట తుడుస్తూ ఇద్దరు ఆడపిల్లలు. ఏదో అనబోయినట్టు పెదవి కదిలింది, చుట్టూ మనుషులు, నసోలో కళ్ళతోనే అడిగింది, ఈసారి ఆఫీసు కాదు, ఒట్టు, ఈసారి ఆఫీసు కాదు. పిల్ల దగ్గరికొచ్చి, కాళ్ళు కనబడకుండా ఉన్న ఆ బట్టంతా కూడదీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని, అత్త నడుం పట్టీ వదులైందని ముడి బిగించి, "పడిపోకత్తా. నేల జారుతోంది," అని లేచిపోయింది. అంతే. ఆ మాత్రం చెప్పడానికా ఇంత హడావుడిలో వచ్చింది?

"మా పిల్ల ఎవరినో పిలిచానంటోంది!" కలాంజి గొంతు మైకులో మోగింది. "మీలో ఎవడో ఉన్నాట్ట. మేం ఎరగం. మా పిల్ల మేనత్తకి తెలుసు. అత్తా, ఓ అత్తా, వచ్చి నీ చుట్టాన్ని నువ్వే ఏరుకో!"

డోలు మొదలైంది. ఇద్దరు ఆడపిల్లలు చెరో చెయ్యీ పట్టి లేపితే గానీ నసోలో లేవలేదు. బయట వెలుతురు కళ్ళలో పొడిచింది. రెండు టెంట్ల మధ్య పరిచిన ఎర్ర జంపఖానా, అటు మిడతలవాళ్ళు, ఇటు తనవాళ్ళు, ముందు వరసలో కర్ర మీద గడ్డం ఆనించి అవ్వ. నడవాలి. నడుస్తూ నవ్వాలి, నడుం ఊపాలి, డోలుకి తగ్గట్టు ఒక అడుగు ముందుకి ఒక అడుగు పక్కకి, అందరూ ఎదురుచూసేది అదే. నడుం ఊపింది. కేరింతలు కొట్టారు. ఇదీ ఒక వేషమే, చచ్చిపోయే పిల్ల వేషం కన్నా కాస్త నయం, మేకలేవీ లేవు. మొదటి వరసలో ముసలాళ్ళు, ఒకాయన నేనేనమ్మా పెళ్ళికొడుకుని అని బోసినోరు తెరిచాడు, మీరైతే నాకే కావాలి అంది నసోలో, జనం ఘొల్లుమన్నారు, తన నోటికి ఈ మాటలెవరు అందిస్తున్నారో తనకి తెలియదు. రెండో వరసలో చివరి నుంచి మూడోవాడు కియాగా. తల వంచుకుని, గోళ్ళు దాచుకుంటూ. కనబడ్డాడు, కనబడనట్టు దాటిపోయింది.

దాటి వెళ్ళి, జంపఖానా చివర నిలబడి, వెనక్కి తిరిగి, "మా చుట్టం ఇక్కడ లేడు," అంది.

అది కూడా ఆనవాయితీలో ఉన్న మాటే, మేనత్తలు బెట్టు చేస్తారు, అటువాళ్ళు బతిమాలతారు, ఏదో బహుమతి ఇచ్చి ఇంకోసారి చూడమంటారు. జనం నవ్వారు. నసోలో నవ్వలేదు. లేడంటే లేడని ఇక్కడే నిలబడిపోతే ఏమవుతుంది? పళ్ళెం కింద పెట్టి లోపలికి పోతే? పిల్ల పరువు పోతుంది, కానీ రోడ్డు మీద కూర్చోదు. ఎవరడుగుతున్నారు, ఆఫీసా, అత్తా? అత్తే అడుగుతోందే తల్లీ, అలిసిపోయింది, ఒక్క ముక్క చెబితే పోయేదిగా. డోలువాడు వాయిస్తూనే ఉన్నాడు. మగపెళ్ళివారి మాటకారి ఒక కొత్త గొడుగు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, ఎండకి కళ్ళు మసకేసినట్టున్నాయి, నీడలో ఇంకోసారి చూడత్తా అన్నాడు. ఇంటి గుమ్మం వైపు చూసింది. తెర సందులోంచి బంగారు రంగు పోగొకటి. ఆ పిల్ల చిన్నప్పుడు మాత్ర మింగి, నాలుక బయటపెట్టి చూపించేది, చూడు మింగేశా అని. ఏనాడూ అబద్ధం ఆడింది కాదు. అబద్ధం ఆడింది తను. ఇంక ఎవరో ఒకరిని నమ్మకపోతే ఈ కాళ్ళు ఇక్కణ్ణుంచి కదిలేట్టు లేవు, అన్నేళ్ళుగా నమ్మండి నమ్మండి అని ఊళ్ళు తిరిగిన కాళ్ళే.

వెళ్ళి కియాగా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పెద్ద కేక లేచింది, ఆడవాళ్ళ నాలుకల కూతలు, ఎవరో బూర ఊదారు. పువ్వు తీసి కోటు ఎడమ జేబు మీద పెట్టి పిన్ను గుచ్చింది. పిన్ను గుడ్డ దాటి లోపల దేనికో గట్టిగా తగిలి ఆగింది. జేబులో ఏదో చిన్న రేకు డబ్బా. కియాగా ఉలిక్కిపడి, చెయ్యి జేబు మీద పెట్టి, వంగాడు.

"అది జవెద్దె మాత్ర అత్తా," అన్నాడు, డోలు చప్పుడులో ఆమెకొక్కదానికే వినబడేలా. "మావల్ల ఆలస్యమైంది. వేళ దాటేట్టుంటే మీరైనా లోపలికి పట్టుకెళ్ళి ఇవ్వండి. హడావుడిలో తను మర్చిపోతుంది."

నసోలో అతని ముఖంలోకి చూసింది. ఆమె ఇంకేదో అడగబోతోందనుకున్నాడో ఏమో, జేబుని మెల్లిగా తట్టి చూపించాడు.

"మోగదులే అత్తా. దూది పెట్టా."

పిన్ను ఇంకా పూర్తిగా దిగలేదు. దించాలని చూస్తే కొన ఇటు పోతోంది, అటు పోతోంది. వెనక కలాంజి మైకులో, "చూశారా, మా అత్త వదిలేట్టు లేదు, తనే కట్టుకునేట్టుంది," అంటున్నాడు, జనం విరగబడి నవ్వుతున్నారు, ముందు వరసలోంచి అవ్వ నలుమాన్సి కర్ర ఎత్తి అందరికీ చూపిస్తోంది, చూడండి, చూడండి, నేను చెప్పలేదా. కియాగా తన నల్లటి వేళ్ళతో ఆమె వేళ్ళు పట్టుకుని పిన్ను దింపాడు. అప్పుడు చూసుకుంది నసోలో. రెండు చేతులూ వణుకుతున్నాయి. టీ కప్పు ఇస్తే ఒలికిపోయేంతగా వణుకుతున్నాయి, ఎంత బిగబట్టినా ఆగటం లేదు. దాచుకోవాలనిపించలేదు. మోకాళ్ళ మీద అలాగే కూర్చుని, వాటిని ఒళ్ళో పెట్టుకుని, వణకనిచ్చింది.